ఉప్పు తక్కువైంది

"ఫ్రెష్‌వాటర్ మోరే ఈల్" అని పేరు పెట్టి ఎక్వేరియం షాపుల్లో అమ్మే చేప ఫ్రెష్‌వాటర్ చేప కాదు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నా. ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేసి పని చూసుకోవచ్చు. ఇంట్లో అలాంటి పిల్ల ఈల్ ఉండి, అది ఏమీ తినటం లేదని బెంగపెట్టుకున్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మోరే ఈల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి: టీవీలో సముద్రం అడుగున రాళ్ళ సందుల్లోంచి తల బయటపెట్టి, నోరు తెరుస్తూ మూస్తూ ఉండే పాములాంటిది కనిపిస్తుందే, అదన్నమాట. పాములా ఉన్నా చేపే. పొలుసులుండవు, పక్క రెక్కలుండవు, ఒళ్ళంతా జిగురు. సుమారు 200 రకాలున్నాయి, దాదాపు అన్నీ సముద్రంలోవే. కొన్ని మాత్రం నది సముద్రంలో కలిసే చోట, పోటుకి ఉప్పునీళ్ళు ఎక్కుతూ, పాటుకి మంచినీళ్ళు దిగుతూ ఉండే బురదల్లో బతుకుతాయి. మన షాపులకొచ్చే జిమ్నోథొరాక్స్ టిలే అలాంటిదే. ముదురు గోధుమరంగు ఒంటిమీద ఆవాలు చల్లినట్టు సన్నటి పసుపు చుక్కలు. పెద్దదైతే రెండడుగుల దాకా పెరుగుతుంది. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండ్ డాక్టరు గంగానదిలో చేపల గురించి 1822లో ఒక పుస్తకం వేశాడు. దీన్ని మొదట వర్ణించింది అందులోనే. పుస్తకం పేరులో గంగానది ఉంది కదా అని చేపని మంచినీళ్ళ ఖాతాలో వేసేశారేమో మరి, నాకైతే అలాగే అనిపిస్తుంది :)

సరే, అసలు కథకొస్తే.. 2024 ఆగస్టులో మా టీమ్‌లో ఒకాయనకి ఆన్‌సైట్ వచ్చింది. డల్లాస్. పదిహేను రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి. కారు అమ్మేశాడు, ఫ్రిజ్ అమ్మేశాడు, సోఫా వాచ్‌మన్‌కిచ్చాడు. ఒకరోజు లంచ్‌లో నా దగ్గరకొచ్చి "బాస్, ఒక హెల్ప్ కావాలి" అన్నాడు. గుమ్మడికాయంత హెల్ప్ అని ఆ టోన్‌లోనే తెలిసిపోయింది. నాలుగడుగుల టాంకు, స్టాండు, ఫిల్టరు, అన్నీ ఫ్రీ. కండిషన్ ఒక్కటే, లోపలున్నదాన్ని కూడా తీసుకోవాలి. చూస్తే జానెడున్నర పొడుగు, పెన్సిలంత లావు కూడా లేదు. తల పెద్దది, మెడ వెనక గుంట. కొని మూడు వారాలైందట, ఒక్క ముక్క ముట్టలేదట. షాపువాడిని అడిగితే మొదట "కొత్త కదా సార్, అలవాటు పడుతుంది" అన్నాడట. రెండోసారి వెళ్తే బతికున్న గోల్డ్‌ఫిష్ పిల్లలు ఒక డజను అంటగట్టాడట. మూడోసారి ఏదో నీలంరంగు మందు. అదృష్టం బాగుండి ఆ మందు ఈయన వెయ్యలేదు. చేపల మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, పొలుసుల్లేని ఈ చేపలకి అది పడదు.

ఈల్‌ని ఇంటికి తెచ్చింది ఒక పివిసి పైపు ముక్కలో. అది రాత్రింబవళ్ళు ఆ పైపులోనే దాక్కుంటుంది కాబట్టి నీళ్ళలోనే పైపు రెండు కొసలకీ గుడ్డ మూత పెట్టి, పైపుతో సహా మూతున్న బకెట్‌లోకి దింపేశాం. వల వాడితే జిగురు ఊడిపోతుంది, చెయ్యి వాడితే చేతికి ప్రమాదం. వాటి పళ్ళు వెనక్కి వాలి ఉంటాయి, పట్టుకుంటే వదలవు.

ఇంట్లో రియాక్షన్లు ఊహించినవే. మా ఆవిడ "మీకు కుక్కపిల్ల దొరకలేదా?" అని ఊరుకుంది. మా అమ్మాయి దానికి వెంటనే నూడుల్ అని పేరు పెట్టేసింది. మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని టాంకు దగ్గర కూర్చుని, కాసేపు చూసి, "ఇది మలుగుపాముజాతిదిరా. బొమ్మిడాయి తెచ్చుంటే పులుసన్నా పెట్టేదాన్ని" అంది. మాది భీమవరం పక్కన లెండి. మా అమ్మకి చేపలు రెండే రకాలు, కూరకి పనికొచ్చేవి, పనికిరానివి.

మొదటి రెండు రాత్రులు లైటు ఆర్పి పచ్చి రొయ్య ముక్క చూపించాను. వాసన చూడను కూడా చూడలేదు. తల పైపులోకి లాక్కుంది. "ఆకలైతే అదే తింటుందిలే, నువ్వు పడుకో" అంది మా అమ్మ. ఈ మాట మనందరికీ చిన్నప్పటినుంచీ తెలిసిందే, పిల్లల విషయంలో ఎక్కువసార్లు నిజం కూడా. కానీ మూడు వారాలుగా తిననిదానికి ఆకలి లేదని ఎలా అనుకుంటాం? మెడ వెనక గుంట కనిపిస్తూనే ఉంది. ఆకలుంది, తినటం లేదు. ఈ రెండూ ఒకేసారి నిజమవ్వాలంటే ఇంకేదో కారణం ఉండాలి కదా.

మనం రోజూ ఆఫీసులో చూసేదే. సర్వీసు ఫెయిలవుతోంది, మనవాడు రీట్రై పెడతాడు. మూడుసార్లు చాలకపోతే పదిసార్లు. రొయ్య పోతే గోల్డ్‌ఫిష్, గోల్డ్‌ఫిష్ పోతే మందు, అదీ రీట్రై లూపే. కింద ఏం విరిగిందో ఎవడూ చూడడు.

దారి చూపించింది గూగుల్ కాదు, మా బాబాయి. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. ఒకప్పుడు టైగర్ వేసేవాడు, మన దేశంలో 2009లో వనామీకి అనుమతి వచ్చాక దానికి మారాడు. ఫోన్లో మాటల మధ్య ఈ విషయం చెప్తే పెద్దగా నవ్వి, ఆ తర్వాత ఒకటే అడిగాడు. "నీళ్ళు ఎంత ఉప్పున్నాయిరా?"

"మంచినీళ్ళే బాబాయ్. ఫ్రెష్‌వాటర్ అని అమ్మారు."

"వాళ్ళు అమ్మిందాని పేరు కాదురా నేనడిగేది. మేత ముట్టుకోలేదంటే మేత మార్చకు, ముందు నీళ్ళు చూసుకో."

రొయ్యల రైతులు చెరువులో చెక్ ట్రేలు కడతారు. మేత చల్లేటప్పుడు ఆ ట్రేలలో కూడా కాస్త వేసి, రెండు గంటలాగి పైకి లాగి చూస్తారు. మేత మిగిలిపోయిందంటే ఇంకో కంపెనీ మేత కొనుక్కురారు. ఆక్సిజన్ చూస్తారు, పిహెచ్ చూస్తారు, అమ్మోనియా చూస్తారు, ఉప్పు చూస్తారు. మిగిలిన మేత అడుగున కుళ్ళి ఇంకా పెద్ద నష్టం చేస్తుందని మేత తగ్గిస్తారు. అంత సముద్రంలాంటి చెరువులో కనిపించని రొయ్యలు తింటున్నాయో లేదో ఒక ట్రేతో కనిపెట్టేవాళ్ళు మన ఊళ్ళలో ఉంటే, మనం ఇంగ్లీషు ఫోరాలు తిరుగుతాం!

నది మొగలో బతికే చేపకి మంచినీళ్ళు ఎందుకు కష్టమో చదివితే అర్థమైంది. చేప రక్తంలో ఉప్పుంటుంది. చుట్టూ మంచినీళ్ళుంటే ఆ నీళ్ళు మొప్పల్లోంచి ఒంట్లోకి దూరుతూనే ఉంటాయి, ఉప్పేమో బయటికి పోతూ ఉంటుంది. దూరిన నీటిని తోడిపోస్తూ, పోయిన ఉప్పుని తిరిగి లాక్కుంటూ ఒళ్ళు నిరంతరం పనిచెయ్యాలి. పోటుపాట్లలో పుట్టిన చేప కొన్నాళ్ళు ఇది తట్టుకుంటుంది, తట్టుకోలేకపోతే మొగలో బతకలేదు. వానాకాలంలో వరద దిగితే మొగలో నీళ్ళు దాదాపు చప్పగా అయిపోతాయి, మళ్ళీ ఉప్పెక్కుతాయి. షాపులో అది మళ్ళీ ఎక్కదు. తేడా అక్కడుంది. వారాలు గడిచేకొద్దీ మొదట తిండి మానేస్తుంది, తర్వాత చిక్కిపోతుంది, తర్వాత ఏ జబ్బొచ్చినా పోతుంది. పోయేసరికి కొన్నవాడి ఇంట్లో ఉంటుంది. షాపులో ఉన్నన్నాళ్ళూ బాగానే కనిపించింది కాబట్టి కొన్నవాడికి "సరిగ్గా చూసుకోలేదు" అన్న పేరు మిగులుతుంది. బగ్ అంతా క్లయింటు సైడే బయటపడుతుందన్నమాట. షాపువాడికి ఇది తెలిసి చేస్తున్నాడని నేననను. వాడికి చెప్పి పంపినవాడు కూడా అదే పేరు చెప్పుంటాడు. కానీ షాపులో అన్ని టాంకులకీ ఒకే నీళ్ళు తిరుగుతుంటే ఒక్కదానికోసం ఉప్పు ఎవడు కలుపుతాడు? "ఫ్రెష్‌వాటర్" అన్న మాట అందరికీ సౌకర్యంగా ఉంది, చేపకి తప్ప.

(నిజంగా మంచినీళ్ళ వాగుల్లో తిరిగే మోరే కూడా ఒకటుంది, ఇండోనేషియా, ఫిజీ వైపు. షాపుల్లో అది దొరకటం చాలా అరుదు. మీ దగ్గరున్నది అదేనేమో అని ఆశపడకండి.)

బాబాయి తన పాత రిఫ్రాక్టోమీటర్‌ని భీమవరం బస్సులో పంపించాడు. చిన్న దుర్భిణిలా ఉంటుంది. గాజుమీద ఒక చుక్క నీళ్ళేసి వెలుతురుకేసి పట్టుకుని చూస్తే ఉప్పెంతో గీత కనిపిస్తుంది. లెక్క పిపిటిలో, అంటే వెయ్యికి ఎన్ని భాగాలని. సముద్రం సుమారు 35. మా టాంకు సున్నా.

ఉప్పంటే మా అమ్మ వెంటనే వంటింట్లోంచి రాళ్ళుప్పు డబ్బా తెచ్చింది. సముద్రంలోంచే కదరా వచ్చింది అని ఆవిడ పాయింటు. మంచి పాయింటే. కానీ ఉప్పుమడిలో గడ్డకట్టేది చాలావరకు సోడియం క్లోరైడే. మెగ్నీషియంలాంటివి ఎక్కువగా మిగిలిన నీళ్ళలోనే ఉండిపోతాయి. పొయ్యిమీదికి అదే కావాలి, టాంకులోకి సరిపోదు. ఎక్వేరియంలకని అమ్మే మెరైన్ సాల్ట్‌లో కాల్షియం, మెగ్నీషియం, పిహెచ్ పడిపోకుండా చూసే కార్బొనేట్లు అన్నీ కలిపి ఉంటాయి.

మాది 200 లీటర్ల టాంకు. రెండు పిపిటి పెంచాలంటే 400 గ్రాముల ఉప్పు. విడిగా బకెట్‌లో కలిపి, పూర్తిగా కరిగాక, టాంకులోంచి అన్ని నీళ్ళు తీసేసి ఇవి పొయ్యాలి. మూడు రోజులకొకసారి రెండు పిపిటి చొప్పున పెంచాను. చేప ఇంకా తొందరగా తట్టుకుంటుందేమో కానీ ఫిల్టర్‌లో అమ్మోనియాని తినే బాక్టీరియా తట్టుకోదు. అది చచ్చిపోతే ఇంకో కథ మొదలవుతుంది. ఇంకొక్క సంగతి, ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్ళతో నింపుకుంటూ పోతే నెల తిరిగేసరికి సముద్రం తయారవుతుంది. తగ్గిన మేరకి మంచినీళ్ళే పొయ్యాలి.

ఈ పన్నెండు రోజులూ ఇంట్లో ఎవరికీ మనసు మనసులో లేదు. మా అమ్మాయి పొద్దున్నే లేచి స్కూలుకి వెళ్ళేముందు పైపులోకి టార్చి వేసి చూసేది. "నాన్నా, నోరు తెరుస్తోంది, ఆకలేస్తోందేమో" అనేది. అది ఊపిరి తీసుకోవటం. మోరేలు నోరు తెరిచి మూస్తూ నీళ్ళని మొప్పలమీదికి తోస్తాయి. కోపంతో బెదిరిస్తోందని చాలామంది అనుకుంటారు, పాపం. మూడు రోజులకొకసారి ఒక ముక్క చూపించి, తీసుకోకపోతే వెంటనే తీసేసేవాణ్ణి. వదిలేస్తే కుళ్ళుతుంది, బాబాయి చెరువు సూత్రమే.

పదమూడో రోజు రాత్రి, ఎనిమిది పిపిటి దగ్గర, తిన్నది.

హాల్లో లైట్లన్నీ ఆర్పేసి వంటింటి లైటొక్కటే ఉంచాం. రొయ్యని ఒలిచి, నరం తీసి, చిటికెనవేలి గోరంత ముక్క కోసి, పొడుగాటి ప్లాస్టిక్ పట్టకారుతో పైపు మూతికి నాలుగంగుళాల దూరంలో పట్టుకున్నాను. వంటింటి పట్టకారు కాదు, దీనికోసం విడిగా కొన్నది, ఆ విషయంలో మా ఆవిడ ముందే ఆర్డర్ పాస్ చేసింది. ఇనుపదైతే ఊపుగా కరిచినప్పుడు నోరు కోసుకుంటుంది. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత పైపు చీకట్లోంచి ముక్కు కొన. దాని ముక్కుకి ముందు రెండు చిన్న గొట్టాలుంటాయి, స్ట్రాల్లా. అవి అటూఇటూ కదిలాయి. కళ్ళు సరిగ్గా కనిపించని జాతి, బతుకంతా వాసనే. తల బయటికొచ్చింది, ముక్క పక్కనుంచి వెళ్ళిపోయింది, గులకరాయిని కరిచింది, వెనక్కి తిరిగింది. చెయ్యి కదపకుండా పట్టుకోవటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని ఊపిరి బిగపట్టింది. ఒక్కసారిగా లాగేసుకుంది. ముక్క సగం నోట్లో, సగం బయట. అంతలో గొంతులోంచి ఎవరో లోపలికి లాగినట్టు మిగతా సగం మాయం!

ఆ లాగిందేమిటో 2007 దాకా సైన్సుకి సరిగ్గా తెలియదు. చేపలు మామూలుగా నోరు గబుక్కున పెద్దదిచేసి నీళ్ళతోబాటు మేతని లోపలికి పీల్చుకుంటాయి. సందుల్లో బతికే సన్నటి తల మోరేకి ఆ పీల్చే శక్తి లేదు. దాని బదులు గొంతులో రెండో దవడల జత ఉంటుంది, పళ్ళతో సహా. ముందు దవడలు పట్టుకోగానే ఈ రెండోవి గొంతులోంచి ముందుకొచ్చి మేతని కరిచిపట్టి లోపలికి ఈడ్చుకుపోతాయి. రీటా మెహతా, పీటర్ వెయిన్‌రైట్ హైస్పీడ్ కెమెరాతో పట్టుకుని నేచర్ పత్రికలో రాశారు. 1979లో వచ్చిన ఏలియన్ సినిమా చూసినవాళ్ళకి వర్ణించక్కర్లేదు. అదే మెహతా 2021లో ఇంకోటి చూపించారు. స్నోఫ్లేక్ మోరేలకి ఓపిగ్గా నేర్పించి, వాలుబల్ల మీదుగా నీళ్ళలోంచి బయటికి రప్పించి, అక్కడే స్క్విడ్ ముక్క మింగించారు. మింగటానికి వాటికి నీళ్ళు కూడా అక్కర్లేదు. ఇది చదివినరోజే టాంకు మూతమీద రెండు ఇటుకలు పెట్టాను, ఫిల్టర్ వైరు దూరే కంతలో స్పాంజి కుక్కాను. ఈల్‌కి తల పట్టిన కంతలో ఒళ్ళంతా పడుతుంది.

ఆ రాత్రి రెండు ముక్కలు తిన్నది. మూడోది నేనివ్వలేదు. ఇన్నాళ్ళు మాడిన కడుపు, మెల్లిగా పెంచాలి. మా అమ్మ "ఇంకోటి పెట్టరా, తింటోంది కదా" అంటూనే ఉంది. పులుసు మాట మళ్ళీ ఎత్తలేదు!

ఇప్పుడు నీళ్ళు పదిహేను పిపిటి దగ్గర నిలిపాను. పిల్లది కాబట్టి వారానికి మూడుసార్లు మేత, పెరిగేకొద్దీ తగ్గిస్తూ పోవాలి. పెద్దవాటికి వారానికి ఒకటి రెండుసార్లు చాలు. పొట్ట కొంచెం ఉబ్బితే చాలు, బంతిలా అవ్వక్కర్లేదు. ముక్క తల కంటే పెద్దదైతే ఒంటిని ముడేసుకుని, ఆ ముడిలోంచి తల లాక్కుంటూ ముక్కని చీలుస్తుంది. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ చిరిగిన తునకలన్నీ టాంకులో తేలతాయి, శుభ్రం చేసేది మనమే. వాసన తగిలాక అరగంట దాకా దానికి కనిపించిందల్లా మేతే, కాబట్టి చెయ్యి నీళ్ళలో పెట్టొద్దు.

రొయ్యొక్కటే పెట్టటం కుదరదు. కొన్ని రకాల పచ్చి రొయ్యల్లో, గోల్డ్‌ఫిష్‌లాంటి కార్పు జాతి చేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది విటమిన్ బి1ని నాశనం చేస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. అవే నెలల తరబడి పెడితే కడుపునిండా తిన్న చేప కూడా విటమిన్ లేక నరాలు దెబ్బతిని పోతుంది. అందుకని రాంనగర్ మార్కెట్ నుంచి ఒక వారం తిలాపియా (మనవాళ్ళు జిలేబి అంటారే, అది), ఒక వారం స్క్విడ్, మధ్యలో రొయ్య. తెచ్చి కడిగి, ముక్కలు కోసి, చిన్న కవర్లలో ఫ్రీజర్‌లో పెడతాను. ఆ కవర్లమీద స్కెచ్ పెన్నుతో "నూడుల్" అని రాసుంటుంది, ఎందుకంటే ఒకసారి స్క్విడ్ ముక్కలు ఉల్లిపాయలనుకుని బాణలిదాకా వెళ్ళాయి. షాపుల్లో అమ్మే బతికున్న గోల్డ్‌ఫిష్‌ల గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. బతికిందే తినాలని ఈల్‌కి నేర్పేది మనం, ఆ గోల్డ్‌ఫిష్‌తో వచ్చే రోగాలూ పురుగులూ ఈల్‌కి ఎక్కించేదీ మనమే. చూసేవాళ్ళ సరదా తప్ప అందులో ఇంకేమీ లేదు.

మధ్యలో డల్లాస్ నుంచి ఫోనొచ్చింది. "మీకు ట్రబుల్ అయితే హుస్సేన్‌సాగర్‌లో వదిలెయ్ బాస్, ఏం కాదు" అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. కానీ హుస్సేన్‌సాగర్‌లో ఉప్పెక్కడిది? టాంకు గాజులు శుభ్రం చేస్తుందని కొనుక్కుని, పెద్దదయ్యాక విసుగొచ్చి ఇలాగే వదిలేసిన సక్కర్ చేపే కదా ఇవ్వాళ మన చెరువుల్లో, కృష్ణలో దెయ్యం చేపై జాలర్ల వలలు చింపుతోంది! ఆ మాటే ఆయనతో అన్నాను, కాస్త గట్టిగానే.

నేనైతే ఈ చేపని కొనేవాణ్ణి కాదు. షాపులకొచ్చే ఈ ఈల్స్ హేచరీల్లో పుట్టినవి కావు. వీటి పిల్లలు గుడ్డులోంచి వచ్చాక గాజు ఆకులాంటి రూపంలో చాలాకాలం సముద్రంలో కొట్టుకుపోతూ పెరుగుతాయి, అదంతా ఇంట్లోనో షెడ్డులోనో చేయించగలిగే పని కాదు. అంటే షాపులో చూసే ప్రతి ఒక్కటీ ఏదో ఒక మొగలోని బురదలోంచి పట్టుకొచ్చిందే. అక్కణ్ణుంచి బయల్దేరినవాటిలో ఎన్ని ఉప్పు మొహం చూడకుండా పోతున్నాయో ఎవరూ లెక్కపెట్టరు. మీకు కొనాలనిపిస్తే షాపువాడిని రెండే అడగండి: నీళ్ళు ఎన్ని పిపిటి? నా కళ్ళముందు తింటుందా? మొదటిదానికి "సాదా నీళ్ళే సార్" అంటే ఆ చేపమీద జాలిపడి కొనకండి. మీరొకటి కొంటే వాడు ఇంకొకటి తెప్పిస్తాడు. ఇదివరకే కొనేసినవాళ్ళకి మాత్రం టైముంది. మూడు వారాలు, అంతకంటే ఎక్కువ ఉపవాసాలు కూడా ఇవి తట్టుకుంటాయి. ఉప్పు మొదలుపెట్టండి.

మా అమ్మాయి ఒక పాత లాంగ్ నోట్‌బుక్‌లో తేదీ, ఏం తిన్నది, ఎన్ని ముక్కలు, నీళ్ళు ఎన్ని పిపిటి అని నాలుగు కాలమ్స్ గీసుకుని రాస్తోంది. మా ప్రాజెక్టులో ఏ లాగ్ కూడా అంత శుభ్రంగా ఉండదు. పోయిన నెల బాబాయి హైదరాబాద్ వచ్చినప్పుడు మొత్తం పుస్తకం తిరగేసి, మీటర్‌లో ఒక చుక్క వేసి తనే చూసుకుని, "పదిహేడుందిరా, నీళ్ళు తగ్గాయి, పొయ్యి" అన్నాడు. పోశాను. ఇవ్వాళ దాని మేత రోజు. తిలాపియా ముక్కలు గిన్నెలో కరుగుతున్నాయి.